చౌక కెమేరా: గుణదోష విచారము

ఒక వస్తువు విలువను ఒక్క అంకెతో తేల్చివేయుట లోకమునకు మిక్కిలి ఇష్టమైన పని. విద్యార్థి చదువును మార్కులతో కొలుచు అలవాటు పాతది. కెమేరాను మెగాపిక్సెళ్ళతో కొలుచు అలవాటు క్రొత్తది. కాని రెండింటికిని మూలమొక్కటే. పరీక్షించు ఓపిక లేనివాడు అంకెను ఆశ్రయించును. అమ్మువానికి ఈ సంగతి బాగుగ తెలియును. కావుననే అతడు పెట్టెమీద ఆ అంకెను అన్నిటికంటె పెద్ద అక్షరములతో అచ్చు వేయించును.

గురిపెట్టి మీట నొక్కినంతనే తక్కిన పని తానే చూచుకొను చిన్న డిజిటల్ కెమేరా ఈ విచారమునకు తగిన వస్తువు. ఖరీదైన యంత్రములో లోపములు తక్కువ; దానిని మెచ్చుకొనుట సులభము, దానివలన నేర్చుకొనవలసినది స్వల్పము. చౌక యంత్రములోనో, ప్రతి భాగమును ఒక రాజీయే. నిర్మాత ఎచట ధారాళముగ ఖర్చుపెట్టెను, ఎచట చేయి బిగించెను, ఎచట పేరుకు మాత్రము ఒక భాగమును తగిలించి ఊరకుండెను అని కనుగొనుట ఒక విద్య. ఆ విద్య అబ్బిన బాలుడు రేపు సైకిలునైనను, నీటి మోటారునైనను అదే కంటితో చూడగలడు.

ఈ విచారము నేడు అవసరమగుటకు వేరొక కారణము కూడ కలదు. జపాను దేశపు కెమేరా నిర్మాతల సంఘము ప్రకటించు లెక్కలను బట్టి 2010వ సంవత్సరమున ఆ సంస్థలు లోకమునకు పంపిన డిజిటల్ కెమేరాలు 12 కోట్లకు పైబడినవి. వానిలో అత్యధికము ఈ చిన్న కెమేరాలే. 2023 నాటికి అన్ని తరగతులును కలిపి ఆ సంఖ్య 80 లక్షలకు లోబడిపోయెను. చేతిలోని ఫోను ఆ పని చేయుచుండగా వేరొక యంత్రమెందులకని జనులు తలచిరి. అయినను ఇటీవలి సంవత్సరములలో యువకులు తిరిగి ఈ చిన్న కెమేరాలను వెదకుచున్నారు. వారి కొరకు రెండు వలలు పన్నబడియున్నవి. ఒకటి, పదునైదేండ్ల నాటి పాత యంత్రమునకు ఏదో మహిమ కలదని చెప్పి ధర పెంచి అమ్ముట. రెండవది, ఊరు పేరు లేని క్రొత్త యంత్రముమీద 48 మెగాపిక్సెళ్ళని వ్రాసి చౌకగ అమ్ముట. బడికి ఒక కెమేరా కొనదలచిన ఉపాధ్యాయుడును, దాచుకొన్న సొమ్ముతో కొనదలచిన విద్యార్థియు ఈ రెండు వలలను దాటవలెను.

ఉదాహరణము లేని విచారము గాలిలో మేడ. కావున 2007వ సంవత్సరమున కానన్ సంస్థ వెలువరించిన పవర్‌షాట్ ఎ570 ఐ.ఎస్. అను కెమేరాను తీసికొనవచ్చును. అది ఆ కాలపు చౌక తరగతిలోనిది. నేడు తయారగుట లేదు. పాత సరుకుగ మాత్రమే దొరకును. 71 లక్షల పిక్సెళ్ళు, 4 రెట్ల జూమ్ కటకము, చేతి వణకును సవరించు ఏర్పాటు, రెండున్నర అంగుళముల తెర, కంటితో చూచు చిన్న కిటికీ, రెండు పెన్సిలు సెల్లులు దాని అంగములు. ఒక్కొక్క అంగమును విడదీసి చూచినచో చౌక కెమేరా స్వభావమంతయు బోధపడును.

మొదట కాంతిని పట్టు ఫలకమును, అనగా సెన్సారును చూడవలెను. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విలార్డ్ బాయిల్, జార్జి స్మిత్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు సి.సి.డి. అను సాధనమును కనిపెట్టిరి. అందులకు 2009లో వారికి భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానములో భాగము లభించెను. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అట్టి సాధనముతోనే మొదటి డిజిటల్ కెమేరాను కూర్చెను. దానిలోని పిక్సెళ్ళు అడ్డము నూరు, నిలువు నూరు; అనగా మొత్తము పదివేలు. ఒక్క నలుపు తెలుపు చిత్రమును టేపుమీద ఎక్కించుటకు 23 సెకనులు పట్టెడిది. పదివేల నుండి 71 లక్షలకు వచ్చిన ప్రయాణము అద్భుతమే. కాని పిక్సెళ్ళు పెరిగినంత మాత్రమున ఫలకము పెరుగలేదని గమనింపవలెను.

ఎ570 పత్రికలో ఫలకపు పరిమాణము 1/2.5 అంగుళమని వ్రాయబడియుండును. లెక్క తెలిసిన బాలుడు దానిని పది మిల్లీమీటర్లకు పైగా కట్టును. నిజమునకు ఆ ఫలకపు కర్ణము ఏడు మిల్లీమీటర్ల చిల్లర మాత్రమే. ఈ అంగుళము పూర్వపు టెలివిజన్ కెమేరాల గాజు గొట్టముల వ్యాసము నుండి వచ్చిన పాత కొలత. ఫలకమును స్కేలుతో కొలిచినచో సరిపోదు. వెడల్పు 5.8, ఎత్తు 4.3 మిల్లీమీటర్లు, వైశాల్యము సుమారు 25 చదరపు మిల్లీమీటర్లు. పూర్వపు 35 మిల్లీమీటర్ల ఫిలిముమీది చిత్రము 36 x 24, అనగా 864 చదరపు మిల్లీమీటర్లు. ఫిలిములో 35వ వంతు స్థలముమీద పడిన వెలుతురుతోనే ఈ చిన్న కెమేరా తన సంసారమును ఈడ్చుకొనవలెను. మసక వెలుతురులో దీని చిత్రములయందు ఇసుక చల్లినట్లు కనిపించు రంగు మచ్చలకు మూలకారణము ఈ పేదరికమే.

ఇక పిక్సెళ్ళ సంగతి. చిన్న పొలమును ఎక్కువ మడులుగ చీల్చినంత మాత్రమున పంట పెరుగదు, గట్లు పెరుగును. ఎ570లో ఒక్కొక్క మడి వెడల్పు మిల్లీమీటరులో వేయవ వంతుకు ఇంచుమించు రెండింతలు. పిక్సెళ్ళ సంఖ్య రెట్టింపైనను చిత్రపు వెడల్పు మీది వివరము రెట్టింపు కాదు, సుమారు 1.4 రెట్లు మాత్రమే అగును. అదియు కటకము అందుకు తగినదైనప్పుడే. పోస్టుకార్డుకంటె కొంచెము పెద్దదైన 4 x 6 అంగుళముల చిత్రమును అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చువేయుటకు కావలసినది 22 లక్షల పిక్సెళ్ళ లోపే. బడి గోడపత్రికకు, వార్షికోత్సవపు ఆల్బమునకు 71 లక్షలు చాలును, మిగులును. ఈ లెక్కను ఎనిమిదవ తరగతి బాలుడు వేయగలడు. అతనిచేత వేయించినచో పెట్టెమీది పెద్ద అంకెకు అతడు మరల లొంగడు.

ఫలకమునకు కన్నువంటిది కటకము. చౌక కెమేరాను చూచునప్పుడు మొదట చదువవలసిన అంకెలు దీని చుట్టునే చెక్కబడియుండును. ఎ570 కటకముపై 5.8 నుండి 23.2 మిల్లీమీటర్లు, 2.6 నుండి 5.5 అని కలదు. మొదటి జత నాభ్యంతరము. రెండవ జత కాంతిద్వారపు సంఖ్య. ఈ రెండవ సంఖ్య చిన్నదైనకొలది ద్వారము పెద్దది. వస్తువును దగ్గరకు లాగుటకు జూమ్ చేసినప్పుడు సంఖ్య 2.6 నుండి 5.5కు పోవును. ఈ రెంటి నిష్పత్తిని వర్గము చేసినచో సుమారు నాలుగున్నర వచ్చును. అనగా దూరపు కొసన ఫలకముమీద పడు వెలుతురు దగ్గరి కొసన పడుదానిలో నాలుగున్నరవ వంతే. సభామంటపమున వెనుక వరుసనుండి జూమ్ చేసి తీసిన చిత్రము మసకబారుటకు ఛాయాగ్రాహకుని దురదృష్టము కారణము కాదు. ఈ భాగహారము కారణము.

ఇంతకంటె లోతైన అడ్డు ఒకటి కలదు. ప్రకృతి విధించిన దానిని ధర పెంచి దాటుటకు వీలులేదు. చిన్న ద్వారమునుండి దూరిన కాంతి వివర్తనము చెందును. బిందువు బిందువుగ నిలువక చిన్న వలయముగ విరియును. ద్వారసంఖ్య 5.5 వద్ద ఆకుపచ్చ కాంతికి ఆ వలయపు వ్యాసము మిల్లీమీటరులో వేయవ వంతుకు ఏడున్నర ఇంతలు. ఎ570 మడి వెడల్పుకు అది ఇంచుమించు నాలుగు రెట్లు. అదే ఫలకమును రెండింతల పిక్సెళ్ళుగ చీల్చినను ఒకే మసక చుక్క ఎక్కువ మడులలో పంచబడునే కాని క్రొత్త వివరము పుట్టదు. చిన్న ఫలకము, చిన్న ద్వారము గల కెమేరామీద 48 మెగాపిక్సెళ్ళని వ్రాసినవాడు ఒకటి ఫలకమునుండి వచ్చినదానికి మిక్కిలిగా అంచనాతో పిక్సెళ్ళు కల్పించియైన ఉండవలెను, లేదా మసకనే సన్నగ కోసియైన ఉండవలెను. రెండును పైన పటారము, లోన లొటారము.

డిజిటల్ జూమ్ అను మాటయు ఇట్టిదే. కటకములోని గాజుబిళ్ళలు కదలి వస్తువును పెద్దగ చూపుట నిజమైన జూమ్. డిజిటల్ జూమ్ చిత్రపు నడిమి ముక్కను కత్తిరించి సాగదీయుట మాత్రమే. ఆ పనిని తరువాత బల్లయొద్ద కూర్చుండి ఎవరైనను చేయగలరు. కావున 16 రెట్ల డిజిటల్ జూమ్ అని మాత్రము వ్రాసి, కటకపు జూమ్ ఎంతో చెప్పని యంత్రమును కొనువాడు కత్తెరకు కెమేరా వెల ఇచ్చుచున్నాడు.

చేతి వణకును సవరించు ఏర్పాటు విషయమున కూడ మాటలలోని తేడాను గుర్తింపవలెను. ఎ570లో కటకములోని ఒక భాగమే వణకునకు ఎదురుగ కదలును. దూరపు కొసన సాధారణముగ సెకనులో 140వ వంతు కాలములో తీయవలసిన చిత్రమును, దీని సాయమున నాలుగు రెట్ల కాలము తెరచియుంచియు తీయవచ్చును. డిజిటల్ సవరణ అని వ్రాసియున్నచోట తరచుగ జరుగునది వేరు. ఫలకపు సంకేతమును హెచ్చించి కాలమును తగ్గించుట. దానివలన వణకు తగ్గును, ఇసుక పెరుగును. ఎట్టి సవరణయైనను పరుగెత్తు బాలుని నిలుపజాలదు. తీయువాని చేతిని మాత్రమే అది నిలుపును.

ఫ్లాష్ దీపమునకు విలోమ వర్గ నియమము యజమాని. మూడు మీటర్ల దూరమున చాలిన వెలుతురు ఆరు మీటర్ల వద్ద నాలుగవ వంతగును. తొమ్మిది మీటర్ల వద్ద తొమ్మిదవ వంతు. చిన్న కెమేరా దీపము నాలుగు వరుసల బాలురను సమముగ వెలిగింపజాలకపోవుట ఇందువలననే: ముందువాని ముఖము సున్నము కొట్టినట్లును, వెనుకవాని ముఖము బొగ్గు పూసినట్లును వచ్చును. అయినను నిజమైన జెనాన్ దీపము గల కెమేరా, దానికి బదులు చిన్న ఎల్.ఇ.డి. వెలుగు పెట్టుకొన్న యంత్రముకంటె మేలు. జెనాన్ మెరుపు అతి స్వల్పకాలములో బలమైన వెలుతురును కురిసి కదలికను కూడ నిలుపును. ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఆ దీపమునకు శక్తినిచ్చు కెపాసిటరులో సుమారు 300 వోల్టుల విద్యుత్తు నిలువయుండును. సెల్లులు తీసివేసిన పిదప కూడ కొంతకాలము ఉండును. పాడైన కెమేరాను విప్పి చూపవలెనను ఉత్సాహము ఉపాధ్యాయునకు కలుగవచ్చును. విద్యార్థుల చేతికి మాత్రము దానిని విప్పుటకు ఇవ్వరాదు.

చూచు కిటికీ, వెనుక తెర అనునవి అలంకారములుగ తోచును కాని కావు. ఎర్రని ఎండలో ఆటస్థలమున నిలిచి తెరను చూచినచో తన ముఖమే కనిపించును. అట్టిచోట ఎ570లోని చిన్న కిటికీ ప్రాణదాత. అది కటకము చూచినంత మేర చూపదు, దగ్గరి వస్తువు విషయమున కొంత ప్రక్కకు చూపును. అయినను అసలు చూపకుండుటకంటె మేలు. పైగా కంటి కానించి పట్టిన కెమేరా తక్కువగ వణకును. మీట నొక్కుటకును, చిత్రము పడుటకును నడుమనుండు ఆలస్యము మరియొక రహస్య దోషము. ఇది పెట్టెమీద వ్రాయబడదు. మీటను సగము నొక్కి, గురి కుదిరిన పిదప మిగిలిన సగము నొక్కుట నేర్చినచో ఈ దోషము చాలవరకు తీరును.

చివరకు మిగిలినవి సెల్లు, కార్డు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత ఈ రెంటికి చక్కగ అతుకును. పాత కెమేరాలలో అనేకములు నేడు మూలబడియుండుటకు కటకము చెడుట కారణము కాదు. వానికి తగిన ప్రత్యేకమైన బ్యాటరీ దొరకకపోవుటయే. రెండు పెన్సిలు సెల్లులతో నడచు యంత్రమునకు పల్లెటూరి కిరాణా దుకాణమే సరఫరా కేంద్రము. మరల మరల ఛార్జి చేసికొను నికెల్ సెల్లులు రెండు జతలున్నచో ఖర్చు మరియు తగ్గును. రెండు సెల్లుల యంత్రములో ఫ్లాష్ తిరిగి సిద్ధమగుటకు కొన్ని క్షణములు వేచియుండవలెను. అది ఆ సౌకర్యమునకు చెల్లించు మూల్యము. కార్డు విషయమున కూడ ఇంతే. ఒలింపస్, ఫ్యూజీ సంస్థలు ప్రవేశపెట్టిన ఎక్స్.డి. కార్డు కాలగర్భమున కలిసెను. ఎస్.డి. కార్డు నిలిచెను. అయినను 2006కు పూర్వపు యంత్రములు రెండు గిగాబైట్లకు మించిన కార్డును సాధారణముగ చదువజాలవు. కొనువాడు కార్డును కూడ చేతబట్టుకొని పోయి, పెట్టి చూచి, పిదప సొమ్ము చెల్లించుట వివేకము.

ఇన్ని అంగములలో దేనికి పెద్దపీట? కటకము, ఫలకపు వైశాల్యము మొదటి వరుస. సెల్లు, కార్డు దొరకుట రెండవ వరుస. ఏలయన నడువని యంత్రమునకు గుణములు చెప్పి ప్రయోజనము లేదు. వణకు సవరణ, చూచు కిటికీ, నిజమైన ఫ్లాష్ మూడవ వరుస. మెగాపిక్సెళ్ళు చిట్టచివర. పెట్టెమీది వరుస దీనికి సరిగ తలక్రిందులుగ ఉండునని వేరుగ చెప్పనక్కరలేదు. ఈ వరుసను తెలిసినవాడు సి.సి.డి. అను మూడక్షరములకును మోసపోడు. ఆ ఫలకమునుండి వచ్చు రంగులలో ఏదో ప్రత్యేక సౌందర్యము కలదని అమ్మువారు చెప్పుదురు. రంగును నిర్ణయించునది ఫలకపు జాతి ఒక్కటే కాదు. దానిమీది ఎరుపు, ఆకుపచ్చ, నీలి వడపోతలు, లోపలి లెక్కకట్టు యంత్రము, కటకము కూడ. వడపోతల వలన ఒక్కొక్క మడి ఒక్క రంగునే కొలుచును. తక్కిన రెండు రంగులును ఇరుగుపొరుగు మడులను చూచి లెక్కకట్టినవే. మూడక్షరములకు ఎక్కువ వెల ఇచ్చుట పేరుకు వెల ఇచ్చుటయే.

ఫోను ఉండగా ఇదంతయు ఏల యని కొందరు అడుగుదురు. ప్రశ్న సబబైనదే. నేటి ఫోను అనేక చిత్రములను క్షణములో తీసి, కలిపి, దిద్ది ఇచ్చును. మసక వెలుతురులో అది పాత చిన్న కెమేరాను ఓడించుట తరచుగ చూడనగును. చిత్రమే కావలసినవానికి ఫోను చాలును. కాని పాఠము కావలసినవానికి చాలదు. ఫోను తన తప్పులను తానే దిద్దుకొని దాచును. చౌక కెమేరా తన తప్పులను దాచలేదు. ఎ570లో షట్టరు కాలమును, ద్వారమును చేతితో మార్చుటకు వీలున్నది. మార్చినంతనే ఫలితము తెరమీద కనబడును. తప్పు కనబడని చోట విద్య పుట్టదు. పైగా బడిలో విద్యార్థులకు ఫోను ఇచ్చుటకు జంకు ఉపాధ్యాయుడు కెమేరా ఇచ్చుటకు జంకడు. దానిలో చిత్రము తప్ప వేరు వ్యాపకము లేదు.

పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు. వార్తాపత్రిక పుటను గోడకు చదునుగ అంటించి జూమ్ రెండు కొసలయందు ఒక్కొక్క చిత్రము తీసి, నాలుగు మూలల అక్షరములు చదువబడునేమో చూచినచో కటకపు యోగ్యత తేలును. బాలురను రెండు, మూడు, నాలుగు, ఆరు మీటర్ల వద్ద నిలిపి చీకటి గదిలో తీసినచో విలోమ వర్గ నియమము వారి ముఖములమీదనే వ్రాయబడును. నడచుచున్న స్టాప్‌వాచీ సరిగా పది సెకనులు చూపినప్పుడు మీట నొక్కి, చిత్రములో ఎంత పడినదో చదివినచో ఆలస్యము తెలియును. ఒక సాయంకాలపు పనిలో భౌతికశాస్త్రపు పాఠములు మూడు నడచును.

పది రూపాయల వస్తువును పదిమార్లు తిప్పి చూచి కొను గృహిణి వేల రూపాయల యంత్రమును మాత్రము అంకె చూచి కొనవలసివచ్చుట ఆమె లోపము కాదు. చూచు విధమును ఆమెకెవ్వరును నేర్పలేదు. వంకాయలో పుచ్చు ఎచటనుండునో ఆమెకు తెలియును. కెమేరాలో పుచ్చు ఎచటనుండునో చెప్పగలవారు ఉపాధ్యాయులు. యంత్రములు మారును, పేర్లు మారును. ఎ570 వలెనే నేటి వస్తువులును రేపు మూలబడును. భాగములను విడదీసి విలువ కట్టు అలవాటు మాత్రము పాతబడదు. దానిని బడిలో నేర్చిన బాలుడు సంతలో తన సొమ్మును తానే కాపాడుకొనును.